పింఛను లేని కొలువు, షేర్ల లెక్క

మా ఇంట్లో 'రిటైర్మెంటు' అన్న మాటతో పని పడ్డ మొదటి మనిషిని నేనే. మా నాయిన అడవికి పోవడం మానింది కాళ్ళు మొరాయించిన నాడు. మా అమ్మ ఇప్పటికీ మానలేదు. మన్ననూరు ఘాటు పైన, అమ్రాబాదు పీఠభూమిలో మా పెంట. అక్కడ ముసలితనానికి తేదీ ఉండదు. నాకు మాత్రం ఉంది. తెలంగాణలో 2021 నుంచి ఉద్యోగుల విరమణ వయసు 61. నాకు ఇంకా 16 ఏళ్ళ సర్వీసు మిగిలింది. ఆ తర్వాత ఏం తినాలి, ఎక్కడి నుంచి తినాలి అన్నదే నేను రాయదలచుకున్న సంగతి. ఈ పుస్తకం చదివేవాళ్ళలో చాలామంది నాలాంటి టీచర్లు, ఏఎన్ఎంలు, ఫారెస్టు గార్డులు, హాస్టల్ వార్డెన్లు. మనం కలిసినప్పుడు భాష గురించి, పోడు గురించి, రిజర్వేషన్ గురించి మాట్లాడుకుంటాం. పైసల గురించి మాట్లాడుకోవడానికి ఎందుకో సిగ్గుపడతాం.

మహబూబ్‌నగర్ డైట్‌లో డీఎడ్ చేసి, డీఎస్సీ రాసి నేను కొలువులో చేరేనాటికి పాత పింఛను తలుపు మూసేసి ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్ళందరికీ సీపీఎస్. మూల వేతనం, డీఏ కలిపి అందులో 10 శాతం ప్రతి నెలా కట్ అవుతుంది. అంతే మొత్తం ప్రభుత్వం కలుపుతుంది. ఆ పైసలు ప్రాన్ నంబరు మీద జమ అయి ఎస్‌బీఐ, ఎల్ఐసీ, యూటీఐ పింఛను ఫండ్ల చేతికి పోతాయి. వాళ్ళు కొంత ప్రభుత్వ బాండ్లలో, కొంత కంపెనీల బాండ్లలో, కొంత షేర్లలో పెడతారు. విరమణ రోజున పోగైన దాంట్లో 60 శాతం వరకు చేతికి ఇస్తారు. కనీసం 40 శాతంతో యాన్యుటీ కొనాలి. అంటే ఒక బీమా కంపెనీకి ఆ మొత్తం అప్పజెప్తే, అది నెలనెలా ఇంత అని ఇస్తుంది.

లెక్క వేసి చూడండి. విరమణ నాటికి 50 లక్షలు పోగయ్యాయి అనుకుందాం. 40 శాతం అంటే 20 లక్షలు. యాన్యుటీ రేటు 6 శాతం అయితే ఏడాదికి లక్షా 20 వేలు. నెలకు 10 వేలు. పాత పింఛనులో ఆఖరి వేతనంలో సగం వచ్చేది, దానిమీద డీఏ పెరిగేది. మామూలు యాన్యుటీలో మొదటి నెల ఎంతో పదిహేనేళ్ళ తర్వాత కూడా అంతే. బియ్యం ధర మాత్రం పెరుగుతూనే ఉంటుంది. సెప్టెంబరు 1న మేం నల్ల బ్యాడ్జీలు పెట్టుకునేది ఇందుకే. 2022లో రాజస్థాన్ పాత పింఛనుకు మళ్ళింది, మరికొన్ని రాష్ట్రాలు దాని వెంట నడిచాయి. మనకూ వస్తుందని యూనియన్‌లో అందరికీ ఆశ ఉంది. నాకూ ఉంది, ధర్నాకు నేనూ పోతాను. అయితే ఆశను లెక్కల పుస్తకంలో జమ వైపు రాయలేం కదా.

మా స్టాఫ్‌రూములో ఒక సారు ఎప్పుడూ ఒక మాట అంటాడు. "చెంచోళ్ళకు దాచుకునుడు ఎక్కడిది టీచరమ్మా, దొరికిన్నాడు తింటరు, లేన్నాడు పంటరు." మంచివాడే, వెక్కిరింతకు అనడు. ఆ మాట పాతది. 1943లో హైమెండార్ఫ్ మా వాళ్ళ మీద పుస్తకం అచ్చువేశాడు. ఆ రోజు తెచ్చుకున్నది ఆ రోజే తినే బతుకు గురించి అందులోనూ ఉంది. ఇంట్లో గాదె లేదు కాబట్టి పొదుపు లేదని చూసేవాళ్ళకు అనిపిస్తుంది. మా అమ్మ గడ్డలు తవ్వేటప్పుడు పక్కన కూర్చున్నదాన్ని నేను. గడ్డ మొత్తం తియ్యదు. తీగ వైపు తల ముక్క నేలలోనే వదిలి మన్ను కప్పుతుంది. మళ్ళీ వానలకు అది ఊరుతుంది. తేనె పట్టు కోసేటప్పుడూ అంతే, కొంత ఈగలకు ఉంచుతారు. ఒకే చోట తవ్వరు, ఒకే చెట్టు మీద ఆధారపడరు. ఒక ఏడు ఇప్పపువ్వు రాలకపోతే చిల్లగింజలు, అవీ లేకపోతే జిగురు. మా గాదె అడవిలోనే ఉండేది. ఇప్పుడు అడవికి పోవడానికే పర్మిషన్ కావాలి కాబట్టి గాదె లేనట్టు కనిపిస్తోంది.

అలాగని షేర్ మార్కెట్టు కూడా అడవిలాంటిదే, మనకు సులువే అని చెప్పను. అలా చెప్పేవాళ్ళను నమ్మకండి కూడా. అడవిలో తీగను చూస్తే కింద గడ్డ ఎంత ఉందో మా అమ్మ చెప్పగలదు. కంపెనీ షేరు ధర చూసి కింద ఏముందో చెప్పగలిగినవాళ్ళు చాలా తక్కువ.

ముందు ఒక సంగతి గమనించాలి. మన సీపీఎస్ పైసల్లో షేర్లు చాలా తక్కువ. ప్రభుత్వ ఉద్యోగుల డిఫాల్టు పద్ధతిలో షేర్ల వాటా 15 శాతం దాటకూడదన్న హద్దు ఎన్నో ఏళ్ళు నడిచింది. మిగిలింది ఎక్కువ భాగం బాండ్లే. బాండ్లు నిదానంగా పెరుగుతాయి, ధరల పెరుగుదల కన్నా కాస్త ముందుంటాయి, అంతే. అవీ పూర్తిగా భయం లేనివి కావు. 2018లో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ బాకీలు ఎగ్గొట్టినప్పుడు ఆ బాండ్లు పింఛను ఫండ్ల దగ్గర కూడా ఉన్నాయి.

సొంతంగా పొదుపు చేసేవాళ్ళు ఇక్కడే లెక్క తప్పుతారని నా అభిప్రాయం. సీపీఎస్‌ను ఒక డబ్బా, సొంత పొదుపును ఇంకో డబ్బా అనుకుంటారు. సీపీఎస్‌లో 20 లక్షలున్నాయి, సొంతంగా మ్యూచువల్ ఫండ్లలో 5 లక్షలున్నాయి అనుకుందాం. "నా పైసలన్నీ షేర్లలోనే ఉన్నయి" అని ఆ మనిషి భయపడుతుంటాడు. 20 లక్షల్లో 15 శాతం అంటే 3 లక్షలు, దానికి సొంత 5 లక్షలు కలిపితే 8 లక్షలు. మొత్తం 25 లక్షల్లో అది 32 శాతం. మూడో వంతు కూడా లేదు. నేను రెండూ ఒకే కుండ అనుకుంటాను. ఆ కుండలో షేర్లు ఇప్పుడు 40 శాతం ఉండాలని పెట్టుకున్నాను. 55 దాటాక ఏటా కాస్త తగ్గించుకుంటూ విరమణ నాటికి 25కు తేవాలి. 40 అనేది శాస్త్రం కాదు. మార్కెట్టు సగానికి పడినా మొత్తంలో ఐదో వంతే పోతుంది, ఆ రాత్రి నిద్ర పడుతుంది అనిపించిన అంకె అది. మీకు 30 దగ్గరే నిద్ర పడితే అదే మీ అంకె.

ఈ లెక్కతో ఇంకోటి తేలింది. మా దగ్గర టీచర్లు ఉద్యోగంలో చేరగానే చేసే పని రెండు మూడు ఎల్ఐసీ పాలసీలు కట్టడం, పోస్టాఫీసులో పీపీఎఫ్ తెరవడం. పీపీఎఫ్ మంచిదే. 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం వడ్డీ, ఏడాదికి లక్షన్నర దాకా కట్టొచ్చు. అయితే సీపీఎస్ రూపంలో బండెడు బాండ్లు ముందే ఉన్నవాళ్ళకు సొంత పొదుపు కూడా మొత్తం అటువైపే పోతే తక్కెడ ఒకవైపే ఒరుగుతుంది. నా పీపీఎఫ్ చిన్నది. సొంత పొదుపులో పెద్ద భాగం షేర్ల వైపే.

షేర్లకన్నా ముందు చూసుకోవలసినవి గబగబా చెప్పేస్తాను, ఇవి అందరికీ తెలిసినవే. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉండాలి. టర్మ్ పాలసీ ఉండాలి. ఎక్కువ వడ్డీ అప్పు ఉంటే అది తీర్చడమే అన్నిటికన్నా మంచి పెట్టుబడి. మా ఆయన ప్రైవేటు బడి బస్సు నడుపుతాడు, ఆయనకు ఏ పింఛనూ లేదు. పైగా మనలాంటి ఇళ్ళలో జీతం ఒకరిదైనా తినే నోళ్ళు ఒక ఇంటివి కావు. తమ్ముడి కొడుక్కు హాస్టల్ ఫీజు, మేనత్తకు కళ్ళ ఆపరేషన్, పెంటలో ఎవరైనా చనిపోతే దినాల ఖర్చు. పట్నం నుంచి వచ్చే పుస్తకాల్లో దీన్ని అనుకోని ఖర్చు అంటారు. మనకు అది అనుకున్న ఖర్చే. నేను జీతంలో దానికి వేరే ఒక వాటా పెట్టేశాను. అది ఇచ్చాకే ఎస్‌ఐపీ. ఇచ్చే చెయ్యిని ఆపి విరమణకు దాచుకోమని ఎవరైనా సలహా ఇస్తే, ఆ మనిషికి మన ముసలితనంలో మనల్ని చూసేది ఎవరో తెలియదన్నమాట.

ఇక ఏ షేర్లు. ఇక్కడ మన హైదరాబాదు కథే ఒకటి చెప్పుకోవాలి. 2009 జనవరి 7. సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు, ఖాతాల్లో చూపిన వేల కోట్లు నిజానికి లేవని ఉత్తరం రాశాడు. ఆ ఒక్క రోజులో షేరు ధర మూడు వంతులకు పైగా కూలిపోయింది. ఊరూ పేరూ లేని కంపెనీ కాదది. సెన్సెక్స్‌లో ఉంది, నిఫ్టీలో ఉంది. పేరున్న ఆడిటర్లు సంతకాలు పెట్టారు. అంతకు ముందు ఏడే మంచి పాలనకు అవార్డు కూడా తీసుకుంది. మన తెలుగువాళ్ళ కంపెనీ అనే నమ్మకంతో విరమణ పైసలు దాంట్లో పెట్టినవాళ్ళు ఎంతమందో. చదువుకుని ఎంచుకుంటే సరిపోతుంది అనేవాళ్ళకు నా జవాబు సత్యమే. ఆ ఖాతాలు చదివినవాళ్ళు నాకన్నా, మీకన్నా బాగా చదువుకున్నవాళ్ళు.

అదే రోజుల్లో నిఫ్టీ ఇండెక్స్ ఫండు ఉన్నవాడికి ఏమైంది? యాభై కంపెనీల్లో ఒకటి పోయింది. వారం తిరిగేలోగా సూచీలోంచి సత్యాన్ని తీసేసి మరో కంపెనీని పెట్టారు. ఫండు కూడా అలాగే మార్చుకుంది. ఆ మనిషి ఏమీ చెయ్యలేదు. తీగ ఎండిపోయిన చోట వదిలి పక్క చోటికి పోయే పని సూచీ తనంతట తనే చేసుకుంటుంది. అందుకే నా షేర్ల పైసల్లో పదింట తొమ్మిది వంతులు ఇండెక్స్ ఫండ్లలోనే ఉన్నాయి. నిఫ్టీ 50 ఒకటి, దాని తర్వాతి యాభై పెద్ద కంపెనీల నెక్స్ట్ 50 ఒకటి.

యాభై కంపెనీలు అంటే యాభై రకాలు అనుకోకూడదు. నిఫ్టీ 50 బరువులో సుమారు మూడో వంతు బ్యాంకులది, ఫైనాన్స్ కంపెనీలదే. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు, ఐసీఐసీఐ బ్యాంకు, రిలయన్స్, ఈ మూడే చాలా బరువు మోస్తాయి. మన సీపీఎస్ ఫండ్లు కొనే షేర్లూ ఇలాంటి పెద్ద కంపెనీలవే. అలాంటప్పుడు సొంతంగా ఇంకో బ్యాంకు షేరు కొంటే కొత్తగా వచ్చిందేమీ లేదు, ఉన్న బరువు మీద ఇంకో రాయి. నేను విడిగా కొనుక్కున్నవి అయిదే కంపెనీలు. నెలకు ఇంత అని కాదు, ఏడాదికి ఒకసారి డీఏ బకాయిలు వచ్చినప్పుడు కొంత. బ్యాంకులు వద్దనుకున్నాను. అప్పు తక్కువ ఉండాలి, ఓనర్లు తమ షేర్లు తాకట్టు పెట్టి ఉండకూడదు, వాళ్ళు ఏం అమ్ముతున్నారో నా ఏడో తరగతి పిల్లలకు అయిదు నిమిషాల్లో చెప్పగలగాలి. ఈ మూడూ కుదిరితేనే. పేర్లు ఇక్కడ రాయను. రాస్తే అది సలహా అవుతుంది, నాకు ఆ అర్హత లేదు.

మా దగ్గర గుట్ట అంచు నుంచి తేనె తీసేటప్పుడు ఒక పద్ధతి ఉంది. దిగేవాడి తాడు పైన పట్టుకునేది అతని బావమరిదే. అన్నదమ్ములు కాదు, స్నేహితులు కాదు. తాడు జారితే తన అక్కో చెల్లో ముండమోస్తుంది కాబట్టి వాడు వదలడు. మా నాయిన దిగితే పైన మా మేనమామ. పైసల విషయంలో ఎవరు సలహా చెప్పినా నేను మొదట చూసేది ఇదే: నేను పడితే ఈ మనిషికి ఏం పోతుంది? బడికి వచ్చే పాలసీ ఏజెంటుకు మొదటి ఏడు కమీషన్ వస్తుంది. నేను మూడో ఏడు కట్టలేక మానేస్తే నష్టం నాది. జడ్చర్ల, షాద్‌నగర్ దారి పొడుగునా వెలిసిన వెంచర్లలో ప్లాటు అమ్మే మనిషి మన కులం పేరు చెప్పి, మన టీచర్ పేరు చెప్పి వస్తాడు. రిజిస్ట్రేషన్ అయ్యాక ఫోన్ ఎత్తడు.

ఫండ్లలో కూడా తాడు లెక్క ఉంది. ఒకే ఫండుకు రెగ్యులర్ ప్లాన్, డైరెక్ట్ ప్లాన్ అని రెండు రకాలు. రెగ్యులర్‌లో మధ్యవర్తి కమీషన్ ప్రతి ఏడూ మన పైసల్లోంచే పోతుంది. నెలకు 5 వేల చొప్పున 16 ఏళ్ళు కడితే కట్టింది 9 లక్షల 60 వేలు. ఏటా 11 శాతం పెరిగితే సుమారు 26 లక్షలు అవుతుంది, 10 శాతమే అయితే ఇరవై మూడున్నర. ఒక్క శాతం కమీషన్ తేడా రెండున్నర లక్షలు. అన్ని ఫండ్లలో తేడా అంత ఉండదు, ఇండెక్స్ ఫండ్లలో ఇంకా తక్కువ, అయినా ఫారం నింపేటప్పుడు ఆ ఒక్క మాట చూసుకోవడానికి ఎంతసేపు పడుతుంది?

ఇంకో రకం ఉంది, ఫోన్లో ఆప్షన్లు ఆడడం. మా మండలంలో కుర్ర టీచర్లు, జూనియర్ అసిస్టెంట్లు లంచ్ టైములో అదే పని. గ్రూపుల్లో టిప్పులు వస్తాయి. 2024 సెప్టెంబరులో సెబీ బయటపెట్టిన అధ్యయనం ప్రకారం మూడేళ్ళలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారు. పోయిన మొత్తం లక్షా 80 వేల కోట్లు దాటింది. పైగా ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి కూడా షేర్లతో జూదం ఆడడాన్ని ఒప్పుకోదు. దాన్ని పెట్టుబడి అనకండి.

అందరూ కొనడం గురించి మాట్లాడతారు. నాకు ముఖ్యమనిపించేది తూకం సరిచెయ్యడం. 2020 జనవరిలో సెన్సెక్స్ 42 వేలు దాటింది. మార్చి 23న 26 వేల కిందికి వచ్చింది. రెండు నెలల్లో నూటికి 38 రూపాయలు ఆవిరి. 100 రూపాయల కుండలో 40 షేర్లు, 60 బాండ్లు అనుకుంటే, ఆ 40 కాస్తా 25 అయింది. మొత్తం 85. ఇప్పుడు 40 శాతం అంటే 34 ఉండాలి. అంటే అందరూ భయపడి అమ్ముతున్న రోజున మనం బాండ్ల వైపు నుంచి తీసి 9 రూపాయల షేర్లు కొనాలి. కాగితం మీద సులువు. సరిగ్గా ఆ నెలల్లోనే తెలంగాణలో మా జీతాల్లో సగం వాయిదా పడింది. తర్వాత ఇచ్చారు, అది వేరే సంగతి. నేను చెప్పేది, మార్కెట్టు పడే రోజూ మన జీతం తగ్గే రోజూ ఒకటే కావచ్చు. పెంట నుంచి ఫోన్లు వచ్చే రోజు కూడా అదే. లాక్‌డౌన్‌లో జిగురు కొనేవాడు లేడు, కూలి లేదు. బ్యాంకులో ఆరు నెలల ఖర్చు ఉండాలన్నది ఇందుకే. ఆ పైసలు లేకపోతే తక్కువ ధరకు కొనడం అటుంచి, ఉన్న షేర్లు తెగనమ్ముకోవాల్సి వస్తుంది.

పైగా మనకు సీపీఎస్‌లోంచి తీసి షేర్లు కొనే వీలు లేదు. పీపీఎఫ్‌లోంచి తియ్యడానికీ షరతులున్నాయి. అందుకని నేను తూకాన్ని పాత పైసలతో కాదు, కొత్త పైసలతో సరిచేస్తాను. ఏటా వేసవి సెలవుల్లో, బడి పనులు లేనప్పుడు, ఒక రోజు కూర్చుని ప్రాన్ స్టేట్‌మెంటు, పీపీఎఫ్ పాసుబుక్కు, ఫండ్లు, అయిదు కంపెనీలు అన్నీ కూడి వాటాలు చూస్తాను. షేర్లు 40కి తగ్గితే వచ్చే ఏడాది నెలనెలా పొదుపు అంతా ఇండెక్స్ ఫండ్లకు. 40 దాటి పోతే అంతా పీపీఎఫ్‌కు. అమ్మడం దాదాపు లేదు. అమ్మితే పన్ను కూడా ఉంది. ఏడాది దాటిన షేర్ల లాభం లక్షా పాతిక వేలు మించితే మించినదాని మీద పన్నెండున్నర శాతం, 2024 జులై నుంచి. ఏడాది మధ్యలో ధరలు చూడను. తవ్విన చోట గడ్డ ఊరిందా అని రోజూ మన్ను తీసి చూసేవాళ్ళుండరు.

ఇంతవరకూ నేను చెప్పింది ఏ కులం టీచరైనా రాయొచ్చు. ఇకమీద చెప్పేది మనమే మాట్లాడుకోవాలి.

ఒడిశాలో నియంగిరి కొండ డోంగ్రియా కొంధులకు దేవుడు. ఆ కొండలో బాక్సైట్ కోసం వేదాంత కంపెనీ వచ్చింది. 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలను అడగమన్నది. అడిగిన 12 గ్రామసభలూ వద్దన్నాయి. ఇది మనలో చాలామందికి తెలిసిన కథ. తెలియంది ఇంకోటి ఉంది. అంతకు ఆరేళ్ళ ముందే, 2007లో, నార్వే ప్రభుత్వ పింఛను నిధి తన నీతి కమిటీ సలహా మీద వేదాంత షేర్లను వదిలించుకుంది. ప్రకృతికి, మనుషుల హక్కులకు నష్టం చేస్తోందన్నది కారణం. ఎక్కడి నార్వే! మంచు దేశంలోని ముసలివాళ్ళ పింఛను పైసలు కొంధుల కొండను తవ్వే కంపెనీలో ఉండకూడదని వాళ్ళు నిర్ణయించుకున్నారు. నా పింఛను పైసలు ఎక్కడ ఉండాలో మాత్రం నన్ను ఎవరూ అడగలేదు.

నిఫ్టీ 50లో కోల్ ఇండియా ఉంది. దాని గనులు ఉన్నది జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల్లో, మనలాంటి వాళ్ళ ఊళ్ళ మధ్య. నేను ఇండెక్స్ ఫండు కొన్న ప్రతి నెలా అందులో నూటికి రూపాయో అంతకు కాస్త అటూ ఇటూనో అక్కడికి పోతుంది. నేను ఇది దాచిపెట్టి, నా పైసలు శుభ్రమైనవని చెప్పను. ఇంటికి దగ్గరగా చూస్తే జడ్చర్ల పక్కన పోలేపల్లి. సెజ్ కోసం అక్కడ రైతుల భూములు తీసుకున్నారు. 2008 ఉప ఎన్నికలో భూములు పోయినవాళ్ళే నామినేషన్లు వేసి నిలబడ్డారు. ఇప్పుడక్కడ పెద్ద పెద్ద మందుల కంపెనీలు. నా దగ్గర చదివిన పిల్లలు కొందరు ఆ గేట్ల లోపల ప్యాకింగ్ పనిలో ఉన్నారు, ఆ జీతంతో ఇల్లు కట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. మంచీ చెడ్డా అంత తేలికగా విడిపోవు.

నేను చేసుకున్న ఏర్పాటు ఇది. విడిగా కొనే అయిదు కంపెనీల్లో గనుల కంపెనీ ఉండదు, ఎంత లాభం వచ్చినా సరే. ఇండెక్స్‌లో ఉన్నదాన్ని భరిస్తాను, ఎందుకంటే అది మానేస్తే నా ముసలితనం మళ్ళీ నాలుగైదు కంపెనీల మీద ఆధారపడుతుంది. సత్యం కథ చూశాక ఆ ధైర్యం నాకు లేదు. కొందరు మిత్రులు ఇది రాజీ అంటారు. అవును, రాజీయే. ఇంకొందరు, నువ్వొక్కదానివి కొనకపోతే కంపెనీ ఆగుతుందా అంటారు. ఆగదు. 2019లో మా నల్లమలలో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు దాని వెనక ఉన్నది ప్రభుత్వ సంస్థ, దానికి మార్కెట్టులో షేరే లేదు. ఆపింది జనం. ఊళ్ళల్లో బంద్‌లు, రోడ్ల మీద బైఠాయింపులు, ఆఖరికి సెప్టెంబరు 16న అసెంబ్లీ తీర్మానం. షేర్లు వదిలేయడం ఆ పనికి బదులు కాదు. అయితే నా అమ్మ తవ్విన చోటును ఇంకెవరో బుల్‌డోజరుతో తవ్వితే వచ్చే డివిడెండు నా చేతిలో పడకూడదు. కనీసం నేను చెయ్యి చాచి అడిగి తీసుకున్నట్టు ఉండకూడదు.

అసోసియేషన్ మీటింగుల్లో మనం అడగాల్సింది కూడా ఒకటి ఉందని నాకనిపిస్తుంది. పాత పింఛను కావాలన్నది ఎట్లాగూ అడుగుతున్నాం. అది వచ్చేదాకా, మా 10 శాతం ఏ కంపెనీల్లో ఉందో ఏడాదికి ఒకసారి తెలుగులో చెప్పండి అని అడగాలి. ఫండ్లు తమ జాబితాలు బయటపెడుతూనే ఉన్నాయి, కానీ ఇంగ్లీషులో, ఎవరూ తెరవని చోట. తెరిచి చదివి బడి గోడకు అంటించే పని మనలో ఎవరైనా చెయ్యొచ్చు.

ఇంకోటి చెప్పి ఆపేస్తాను, ఇది నా విరమణ గురించి కాదు. పులుల అభయారణ్యం నుంచి బయటికి వచ్చే కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ అని మా వైపు కొన్నాళ్ళుగా మాట నడుస్తోంది. పోతామా, పోమా అన్నది ఇంటింటా వాదన. మా చిన్నాయన ఒకరోజు నన్ను అడిగాడు. "బిడ్డా, నువ్వు షేర్లు అంటవు గద, ఆ పదిహేను లచ్చలు గండ్ల ఏస్తే నెలనెలా ఏమన్న వస్తదా?" నేను వద్దన్నాను. నా షేర్ల వెనక 16 ఏళ్ళ జీతం ఉంది. మార్కెట్టు సగానికి పడినా ఒకటో తారీఖున నాకు అన్నం ఉంటుంది. ఆయన వెనక ఏమీ లేదు. ఉన్న అడవి కూడా ఆ పైసలతోనే పోతుంది. అలాంటి పైసలు పడి లేచేదాకా ఆగలేవు. పోవాల్సే వస్తే ముందు నీళ్ళున్న భూమి, పట్టా కాగితం ఇద్దరి పేరు మీద, మిగిలింది బ్యాంకులో డిపాజిట్, ఏ ఏజెంటు చేతికీ సంతకం పెట్టిన కాగితం ఇవ్వొద్దు అన్నాను. ఆయన కాసేపు ఆలోచించాడు. "మరి భూమి ఇయ్యమందాం, పైసలు వద్దందాం" అన్నాడు. ఆ మాటే రాయించి దరఖాస్తు ఇచ్చాం. జవాబు ఇంకా రాలేదు.